ఆఖరి విత్‌డ్రా

లైట్ ఆర్పేశాడు భాను!

ఒక్క దెబ్బకు రోడ్డు మాయం. అడవి మాయం. ముందు కూర్చున్న మనిషి వీపు కూడా కనబడటం లేదు ఇరమ్‌కి.

"భానన్నా! ఏం చేస్తున్నవ్?"

"అరవకు! గట్టిగ పట్టుకో!"

బండి ఆగలేదు. అదే స్పీడు. చీకట్లోకి... వానలోకి...

ఎదురుగా ఏదో రంకె!

జామాయిల్ దుంగల లారీ! మలుపు తిరిగి సరిగ్గా మీదికే వస్తోంది!

దాని వెలుగులో అంతా ఒక్కసారి కనబడింది. తడిసిన తారు రోడ్డు. రెండు పక్కలా టేకు చెట్లు. ఎడమ వైపు కిందికి దిగిపోతున్న మట్టి బాట...

భాను హ్యాండిల్ ఎడమకు విరిచాడు. బండి గాల్లోకి లేచింది. మట్టిలో పడింది. జారింది. ఒక పొదలో దూరి ఆగింది. లారీ హారన్ చెవుల పక్కనుంచి వెళ్లిపోయింది.

ఇరమ్ నోరు తెరిచింది. భాను అరచెయ్యి వచ్చి మూసేసింది.

"ష్... పైకి చూడు."

రోడ్డు మీద ఇంకో బండి. తెల్ల బొలెరో. మెల్లగా వస్తోంది. పోయిన వస్తువును వెతుక్కుంటున్నట్టు... ఆగుతూ... కదులుతూ...

దాని వెలుతురు ఇద్దరి తలల మీదుగా పాకింది.

దాటిపోయింది!

"వీరబాబు," అన్నాడు భాను గుసగుసగా. "భద్రాచలం బ్రిడ్జి కాడికెల్లి మన వెనకాలనే ఉన్నడు. దమ్మపేట నుంచి మనుషులను తెచ్చిండు. అజ్మల్ దొరికితే స్టేషన్‌కు తీస్కపోతరనుకున్నవా? ఆడికాడనే కొట్టి సంపుతరు."

ఇరమ్ తడిసిన చున్నీని మెడకు గట్టిగా చుట్టుకుంది.

అజ్మల్ ఆమె సొంత అన్న.

మణుగూరులో ఇప్పుడు ఆ పేరు తెలియనివాళ్లు లేరు. ఏడాది కిందటి వరకు బస్టాండ్ వెనక మొబైల్ రిపేర్ షాపు అజ్మల్. ఆ తర్వాత 'మొలక' అజ్మల్.

మొలక... ఒక యాప్. ఫోన్‌లో వేసుకుని డబ్బు పెడితే చాలు. రోజూ పొద్దున్నే నూటికి రెండు రూపాయలు మొలుస్తాయి. స్క్రీన్ మీద ఆకుపచ్చ అంకెలు పెరుగుతాయి. వాటి పక్కన బొమ్మ మొక్క ఇంకో ఆకు వేస్తుంది.

మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఎవరో ఐదొందలు పెట్టి చూశారు. అడిగిన వెంటనే లాభంతో సహా అకౌంట్‌లో పడ్డాయి! ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ స్టేటస్‌కి ఎక్కింది. అంతే...

నర్సింగ్ చదివే ఆడపిల్లలు ఫీజు డబ్బు తెచ్చి పెట్టారు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్లు నడిపే కుర్రాళ్లు ఒక యాప్‌లో అప్పు తీసుకుని ఈ యాప్‌లో పోశారు. దమ్మపేట వీరబాబు కాపుకొచ్చిన పామాయిల్ తోట తాకట్టు పెట్టాడు.

"యాడికెల్లి వస్తయ్ భాయ్ గిన్ని పైసలు?" అని ఇరమ్ ఒకసారి అడిగింది.

"మార్కెట్లకెల్లి."

"ఏ మార్కెట్?"

"నీకు చెప్పినా సమజ్ కాదు పో."

ఆ వారమే ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. ఇరమ్ మళ్లీ అడగలేదు.

పోయిన సోమవారం విత్‌డ్రా బటన్ పనిచెయ్యడం మానేసింది.

పది గంటలకల్లా షాపు ముందు జనం. కేకలు... బూతులు... షట్టర్ మీద రాళ్లు!

ఆ జనంలో మంగయ్య ఉన్నాడు. భాను వాళ్ల నాయిన. బతుకంతా బొగ్గు బాయిలోకి దిగి, ఈ ఏడాదే రిటైరైన మనిషి. వచ్చిందంతా మొలకలోనే పెట్టాడు. కొడుకు దోస్తు నడిపే యాప్ కదా! ఇంట్లో మనిషి లాంటివాడు కదా!

ఆయన అరవలేదు. రాయి వెయ్యలేదు. ముసురులో నిలబడి బొటనవేలితో ఫోన్ స్క్రీన్‌ని కిందికి లాగుతున్నాడు. గుండ్రం తిరుగుతుంది. ఆగుతుంది. మళ్లీ లాగుతాడు. మళ్లీ గుండ్రం...

అలా లాగుతూనే కూలిపోయాడు.

దవాఖానాకు చేరేలోపే గుండె ఆగింది. స్ట్రెచర్ మీద కూడా ఫోన్ ఆయన చేతిలోనే ఉంది. గుండ్రం తిరుగుతూనే ఉంది.

ఆ సాయంత్రమే అజ్మల్ కనబడకుండా పోయాడు.

పోలీసులు వచ్చి అడిగారు. ఇరమ్ తెలీదంది. జనం వచ్చి అమ్మ గాజుల దుకాణాన్ని ధ్వంసం చేశారు. వీధి నిండా గాజు ముక్కలు. అప్పుడూ తెలీదంది.

ఈరోజు మధ్యాహ్నం భాను వచ్చాడు.

గుండు. మాసిన గడ్డం. తండ్రి దినాలు ఇంకా కాలేదు. అమ్మ గులాబ్ బీ అతని కాళ్ల మీద పడిపోయింది. భాను వంగి ఆమెను లేపాడు.

"లే అమ్మీ! నేను, అజ్మల్ ఒక్క కంచంల తిన్నోళ్లం. నాయిన ఎట్లాగూ తిరిగి రాడు. వీణ్ణన్నా బతికించుకుందాం. యాడున్నడో చెప్పుండ్రి. వీరబాబు కంటె ముందు నేను పోవాలె. నేనే తీస్కపోయి ఎస్సై ముంగట నిలబెడత."

ఇరమ్‌కి ఏడుపు ఆగలేదు. తన అన్న వల్ల తండ్రిని పోగొట్టుకున్నవాడు... తన అన్నను బతికిస్తానంటున్నాడు!

పోలీసులకు చెప్పని మాట అతనికి చెప్పింది.

"ఎర్రవాగు గుంపు. చర్ల అడవిల గూడెం. కన్నమ్మ అవ్వ కాడ. నేను కూడా వస్త అన్నా. నేను లేకపోతె అవ్వ ఎవ్వరికీ చెప్పదు."

...

బాట సన్నబడుతోంది. భాను ఇప్పుడు లైట్ వేశాడు. రెండు పక్కలా వెదురు వంగి బండిని కొడుతోంది.

ఇరమ్‌కి ఈ బాట తెలుసు. చిన్నప్పుడు అబ్బా సైకిల్ మీద వచ్చేది. అబ్బా అంటే నాన్న, రజాక్. అల్యూమినియం గిన్నెలు సైకిల్‌కు కట్టుకుని చర్ల సంతకు, అడవిలోని గూడేలకు తిరిగి అమ్మేవాడు. బడి సెలవుల్లో పిల్లలిద్దరినీ వెంట తెచ్చేవాడు. ఒక వానాకాలం ఎర్రవాగు పొంగితే కన్నమ్మ తన గుడిసెలో దాచుకుంది ముగ్గురినీ. అజ్మల్‌కు అప్పుడు జ్వరం. రాత్రంతా కన్నమ్మే ఒళ్లో పెట్టుకుంది.

అబ్బా పోయాక కూడా అజ్మల్ ఏటా ఒక చీర పట్టుకుని వచ్చేవాడు. నెత్తి మీద నింగి విరిగి పడినా వాడు ఇక్కడికే వస్తాడని ఇరమ్‌కి తెలుసు.

"ఇరమ్..."

"ఆఁ అన్నా."

"పోయే ముందు అజ్మల్ నీకు ఏమన్న చెప్పిండా?"

"లే."

"అమ్మీకి?"

"లే."

"మెసేజ్ గిట్ల? వాయిస్ గిట్ల?"

"ఏం లేదన్నా. ఎందుకు?"

"ఊకెనె."

అమ్మీ ఎలా ఉందో... ఇరమ్ చెయ్యి అలవాటుగా ఫోన్ కోసం వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది. బ్రిడ్జి మీద బండి ఆపి ఫోన్ తీసుకున్నాడు భాను. సిమ్ పీకి గోదాట్లోకి విసిరేశాడు. పోలీసులు టవర్ పట్టుకుని వస్తారన్నాడు. మన చేతుల మీదుగా లొంగిపోతే కేసు తేలిక అవుతుందన్నాడు. నిజమే అనిపించింది.

వాగు!

ఎర్రటి నీళ్లు. మోకాలి లోతు. భాను ఆగలేదు. గేరు మార్చి దింపేశాడు. మధ్యకు వెళ్లాక బండి ఒక్కసారి దగ్గింది... ఇంకోసారి దగ్గింది...

ఆగిపోయింది!

"దిగు! తొయ్యి!"

తోశారు. చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఇంకా తోశారు. కదల్లేదు.

వెనక చెట్ల మధ్య తెల్లటి వెలుతురు...

బొలెరో!

"ఇడిసిపెట్టు బండిని! ఉరుకు!"

భాను ఆమె చెయ్యి పట్టి లాగాడు. నీళ్లలో పడుతూ లేస్తూ పరుగు. ఒక చెప్పు వాగులో పోయింది. ఇంకోటి ఆమే వదిలేసింది. వెనక డోర్లు తెరుచుకున్న చప్పుడు. టార్చిలు. మగ గొంతులు.

"ఆగుండ్రా! ఆగుండ్రి!"

వీరబాబు గొంతు! ఇరమ్‌కి ఆ గొంతు తెలుసు. షాపు ముందు విన్నది. అప్పుడు బూతులు తిట్టాడు. ఇప్పుడు...

"నా తోట పోయింది రా! ఎనిమిదేండ్లు పిల్లల లెక్క సాకిన తోట రా! ఏం చేసిండ్రు రా నా పైసలు? ఏం చేసిండ్రు?"

ఏడుస్తున్నాడు! అంత మనిషి అడవి మధ్యలో నిలబడి బావురుమంటున్నాడు. తోటను పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఏడుస్తున్నాడు.

ఇరమ్ కాళ్లు ఆగిపోయాయి.

"అన్నా... ఆయనకు చెప్దాం. మనతోనే రమ్మందాం..."

"పిచ్చా నీకు?"

భాను ఆమె రెక్క పట్టి ఈడ్చాడు. నొప్పి! ఆ పట్టు ఇంతకుముందు లాంటిది కాదు. ఆమెకు కొత్తగా అనిపించింది. కానీ ఆలోచించే తీరిక లేదు. ముల్లు గుచ్చుకుంది. ఇంకో ముల్లు. కొమ్మ ఒకటి చెంప మీద చరిచింది. వెనక టార్చిలు దారి తప్పి పక్కకు పోయాయి. గొంతులు సన్నబడ్డాయి.

ముందు ఎక్కడో కుక్క మొరిగింది.

తర్వాత పొగ వాసన.

ఎర్రవాగు గుంపు!

...

పదీ పన్నెండు గుడిసెలు. అన్నీ చీకటి. చివరి గుడిసె వసారాలో మాత్రం నిప్పుల కుంపటి. దాని పక్కన ముసలామె.

"ఎవలు?"

"నేను అవ్వా! గిన్నెల రజాక్ బిడ్డను!"

కన్నమ్మ లేచింది. దగ్గరకొచ్చి ఇరమ్ మొహం తడిమింది. తడిసిన జుట్టు, నెత్తురోడుతున్న చెంప... తర్వాత ఆమె చూపు వెనక నిలబడ్డ భాను మీదికి పోయింది. గుండు మీద ఆగింది.

"గీ పిలగాడెవలు?"

"భాయ్ దోస్తు, అవ్వా. భాయ్ యాడ?"

కన్నమ్మ జవాబు చెప్పేలోపు గుడిసె గుమ్మంలోంచి మనిషి బయటికొచ్చాడు.

అజ్మల్!

చెంపలు లోపలికి పోయాయి. చొక్కా వదులైంది. ఐదు రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు.

ఇరమ్ వెళ్లి వాడి చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. మూడోది కొట్టబోయి... వాడి మెడ చుట్టూ చేతులు వేసి వాలిపోయింది.

"ఎందుకు పోయినవ్ భాయ్? అమ్మీని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఎందుకు పోయినవ్?"

అజ్మల్ ఆమె తల నిమిరాడు. నిమురుతూ నిమురుతూ ఆ చెయ్యి ఆగింది.

బిగుసుకుపోయింది!

అతను ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఇరమ్... వీణ్ణి ఎందుకు తెచ్చినవ్?"

"భానన్న నిన్ను కాపాడ్దామని..."

"వీడా?"

ఇరమ్ వెనక్కి తిరిగింది.

భాను చేతిలో పిస్తోలు!

చిన్నది. నల్లది. గురిపెట్టిన చోటు నుంచి కదలడం లేదు.

"భానన్నా! ఏందిది?"

"పక్కకు జరుగు ఇరమ్."

"ఏందిదన్నా!"

"జరగమన్ననా!"

కన్నమ్మ అడుగు ముందుకేసింది. భాను పిస్తోలు అటు తిప్పగానే ఆగిపోయింది. కుక్క మొరగడం మానేసింది.

అజ్మల్ చెల్లెల్ని తన వెనక్కి లాక్కున్నాడు. గుమ్మంలోని చీకటి వైపు ఒకసారి చూశాడు. మళ్లీ భాను వైపు తిరిగాడు. గొంతు పెంచాడు.

"సంపుతవా? సంపు. కానీ మా చెల్లెకు నిజం చెప్పి సంపు. మొలక యాప్ ఎవరు తెచ్చిండ్రు?"

"నోరు మూయ్."

"చెప్పు రా! ఎవరు తెచ్చిండ్రు?"

భాను ఒక అడుగు ముందుకేశాడు.

"ఐదు రోజులకెల్లి ఊరంతా నన్ను తిడుతున్నది. తిట్టనీ. నా చెల్లె కూడ జిందగీ అంతా తిట్టుకుంటది. ఒక్కసారి నీ నోటితోని చెప్పు భాను."

భాను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నేనే తెచ్చిన. అయితే ఏంది?"

ఇరమ్‌కి అర్థం కాలేదు. ఒక్కో మాటా చెవిలో పడుతోంది. లోపలికి పోవడం లేదు.

"హైదరాబాద్‌ల ఒకడు తయారుచేసి అమ్మిండు," అంటున్నాడు భాను. "స్క్రీన్ మీద నంబర్లు పెరుగుడు, మొక్కకు ఆకులొచ్చుడు... గంతే దాని పని. మార్కెట్టూ లేదు, ఏం లేదు. ఇయ్యాల వచ్చినోడు పెట్టింది నిన్న వచ్చినోడికి ఇచ్చుడు. వీడు మంచిగ మాట్లాడతడు. ఊర్ల అందరికీ తెలిసినోడు. షాపుల కూసోబెట్టిన. పాస్‌వర్డులు నా కాడ పెట్టుకున్న."

"భాయ్!" ఇరమ్ అన్న చొక్కా పట్టుకుని ఊపింది. "నీకు తెల్వదు కదా? నీకు తెల్వకుండనే చేసిండు కదా?"

అజ్మల్ తల దించుకున్నాడు.

ఆమె చేతుల్లోంచి చొక్కా జారిపోయింది.

"నన్ను మంచోణ్ణి అనుకోకు ఇరమ్. మొదట్ల తెల్వదు. మూడో నెలకు సమజ్ అయింది. కమిషన్ వస్తుండె. అమ్మీకి ఫ్రిజ్ తెచ్చిన. కండ్లు మూసుకున్న. ఐదొందలు పెట్టినోడికి ఆరొందలు చేతిల పెడితే చాలు... ఇల్లమ్మి తెచ్చి వాడే పెడతడు. మనం ఒక్క మాట అడగనక్కరలే. ఎంతమందిని చూసిన! మొక్క బొమ్మ చూసి మురిసేటోళ్లు. యాడికెల్లి వస్తున్నయ్ అని నువ్వొక్కదానివే అడిగినవ్. నిన్ను కసిరిన."

"అయిపోయిందా నీ ముచ్చట?" భాను అరిచాడు.

"కాలే!" అజ్మల్ గొంతు అడవంతా వినబడేలా లేచింది. "సోమవారం పొద్దుగాల ఖాతా మొత్తం ఊడ్చింది ఎవరు?"

"నేనే!"

"అందరివీ?"

"అందరివీ!"

"మంగయ్య కాకవి?"

కుంపట్లో నిప్పు ఒకటి చిటపటలాడింది.

"చెప్పు భాను. కాక రిటైర్మెంట్ పైసలు ఎవరు తీసిండ్రు?"

భాను పెదాలు కదిలాయి. పిస్తోలు పట్టుకున్న చెయ్యి కిందికి జారి, మళ్లీ లేచింది.

"నాయినవి కూడ నేనే తీసిన," అన్నాడు చివరికి. చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు. "నాయిన ఒక్కడివి ఇడిసిపెడితే దొరికిపోత కదా... అందరికీ అనుమానం రాదా? అంత సల్లబడ్డంక ఇద్దామనుకున్న. రెండింతలు చేసి ఇద్దామనుకున్న. కొత్త ఇల్లు కట్టిద్దామనుకున్న. గాయన... గంతల్నే..."

ఇరమ్‌కి సోమవారం కళ్ల ముందు కదిలింది. షాపు ముందు ముసురు. జనం. మంగయ్య కాక. ఆయన పక్కనే...

"భానన్నా!" ఆమె గొంతు ఆమెకే గుర్తుపట్టలేనట్టుంది. "నువ్వు ఆడనే ఉన్నవ్ కదా. కాక పక్కననే ఉన్నవ్. ఫోన్ తడుస్తదని గొడుగు పట్టినవ్!"

భాను కళ్లు మూసుకున్నాడు.

"ఆయన స్క్రీన్ లాగుతనే ఉన్నడు. నువ్వు చూస్తనే ఉన్నవ్. ఒక్క మాట చెప్తే బతికేటోడు కదన్నా! నాయినా, పైసలు నా కాడనే ఉన్నయ్ అని... ఒక్క మాట!"

"చెప్దామనుకున్న!"

"మరి?"

"నోరు రాలే! ఇంత జనం ముంగట ఎట్ల చెప్పాలె? ఇంటికి పోయినంక చెప్దామనుకున్న! ఇంటిదాక ఆగలే గాయన! ఆగలే!"

ఏడుస్తున్నాడు. కన్నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి. ఆ కన్నీళ్లు నిజమైనవే అని ఇరమ్‌కి తెలుసు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది.

భాను మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక ఆ మొహం మారిపోయింది.

"అయింది. ఇగ ఏం చేసినా నాయిన రాడు. అజ్మల్ పైసలు తిన్నడు. వీరబాబు మనుషులు అడవిల పట్టుకుని అజ్మల్‌ను సంపిండ్రు. ఊరంతా నమ్ముతది. ముచ్చట ఖతం."

"నేను నమ్మను!" ఇరమ్ అన్న ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు నోరు మూసుకుంటె నీకేం కాదు."

"మూసుకోను!"

"ఇరమ్..."

"మూసుకోను! సారక్క చిన్నమ్మకు చెప్త! ఇంటికి పోయి, ఆమె కాళ్లకాడ కూసోని, అంత చెప్త!"

తల్లి పేరు వినగానే భాను మొహం వికృతమైంది.

పిస్తోలు ఇరమ్ మీదికి తిరిగింది!

గుమ్మం చీకట్లో ఏదో కదిలింది. ఎవరో లేచారు. ఎవరో పరుగున వస్తున్నారు!

"ఎవడ్రా అది?"

భాను గిర్రున తిరిగాడు.

"భాను, వద్దు! లోపల..." అజ్మల్ మాట పూర్తికాలేదు.

ఢాం!

అడవిలో పక్షులన్నీ ఒక్కసారి లేచాయి.

గుమ్మంలోని నీడ నిలబడే ఉంది. ఒక చెయ్యి చాచి ఉంది... ఇరమ్‌కి అడ్డం రాబోయినట్టు. అలాగే మెల్లగా, గుంజను పట్టుకుని జారుతూ, వసారాలో కూర్చుండిపోయింది.

కన్నమ్మ కుంపట్లోంచి మండుతున్న కట్టె తీసి ఎత్తింది.

వెలుగు.

తెల్లటి చీర. బొట్టు లేని నుదురు. భుజం కింద ఎర్రగా పాకుతున్న మరక...

సారక్క!

మంగయ్య భార్య. భాను తల్లి.

పిస్తోలు జారి మట్టిలో పడింది.

"అమ్మా?"

భాను ఆ మాటను అడుగుతున్నట్టు అన్నాడు. కాదని ఎవరైనా చెబుతారేమో అని ఎదురు చూస్తున్నట్టు అన్నాడు.

"నువ్వు... నువ్వు ఇంట్ల ఉన్నవ్ కదా అమ్మా? దినాలు కాకముందు ఎట్ల... ఎట్ల వచ్చినవ్?"

అజ్మల్ అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు. తువ్వాలు ఆమె భుజానికి అదిమి పట్టాడు.

"నేనే ఫోన్ చేసిన," అన్నాడు ఏడుస్తూ. "నిన్న పొద్దున గుట్ట ఎక్కి చేసిన. కాళ్లు పట్టుకుని మాఫీ అడుగుదామని. రేపు ఆమెతోనే స్టేషన్‌కు పోదామనుకున్న. ఇయ్యాల మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. నేను చెప్పింది నమ్మలే. నా కొడుకు గట్ల చెయ్యడని నన్ను తిట్టి తిట్టి, అలిసిపోయి లోపల ఒరిగింది."

ఇరమ్ ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. సారక్క ఒళ్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. కళ్లు మాత్రం కొడుకును వదలడం లేదు.

"అజ్మల్ అబద్ధం ఆడుతుండనుకున్న బిడ్డా..." అంది.

అంతే అంది. అందులో కోపం లేదు. ఆ మాట అబద్ధమైతే ఎంత బాగుండేదో అన్న ఆశ మాత్రం ఇంకా కొంచెం మిగిలి ఉంది.

చెట్ల మధ్య టార్చిలు! అడుగుల చప్పుడు!

తుపాకీ మోత విని దారి పట్టుకున్నారు. ముందు వీరబాబు. చేతిలో కర్ర. మొహం నిండా పిచ్చికోపం.

"దొరికినవ్ రా అజ్మల్! ఇయ్యాల నిన్ను..."

కర్ర ఎత్తాడు.

అప్పుడు నేల మీద మనిషిని చూశాడు. నెత్తురు చూశాడు. ఆ చీర చూశాడు. మంగయ్య శవం పక్కన ఈమె ఎలా కూర్చుందో ఆయన కూడా చూసినవాడే.

కర్ర అలాగే గాల్లో ఆగింది. తర్వాత దాన్ని పక్కకు విసిరేశాడు.

"ఏం చూస్తున్నరు రా!" తన మనుషుల మీద విరుచుకుపడ్డాడు. "ఎత్తుండ్రి! బండి వాగు కాడనే ఉంది! జల్దీ! చర్ల దవాఖానే దగ్గర!"

కన్నమ్మ దుప్పటి తెచ్చి పరిచింది. అజ్మల్ భుజాల కింద చేతులు పెట్టాడు.

"నేను కూడ ఎక్కుత," అన్నాడు వీరబాబుతో, తలెత్తకుండా. "ఆమెను దించినంక నన్ను స్టేషన్‌ల దించుండ్రి. కొట్టాలనుకుంటె తొవ్వల కొట్టుండ్రి."

వీరబాబు దుప్పటి ఇంకో అంచు పట్టుకున్నాడు.

భాను ఎప్పుడు కదిలాడో ఎవరూ చూడలేదు. మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. తల్లి పాదాల దగ్గరకు వచ్చాడు. కాళ్ల వైపు తను ఎత్తడానికి రెండు చేతులూ చాచాడు.

"అమ్మా... నేను పడత... నేను ఎత్తుత అమ్మా..."

సారక్క కళ్లు మూసుకుంది.

ఒంట్లో మిగిలిన శక్తి అంతా కూడదీసుకుంది. మెల్లగా... ఎంతో మెల్లగా... రెండు కాళ్లూ ముడుచుకుని, చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

కొడుకు చేతికి అందకుండా.

దుప్పటి లేచింది. టార్చిలు వాగు వైపు పరుగెత్తాయి.

ఆ చీకట్లో భాను చేతులు ఇంకా చాచే ఉన్నాయి.